తెర అవతల వణుకు

"తాకావు కదూ? నిజం చెప్పు పిల్లా. నువ్వు వాణ్ణి తాకావు."

సెంగ, మామగారి అక్క, గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ఆవిడ వెనక పూలతెర. తెర అవతల ఎరీసా మామయ్య మంచం వణుకుతూ గోడకు కొట్టుకుంటోంది. టక, టక, టక.

నబ్బోసా వరండాలో మోకాళ్ళ మీదే ఉండిపోయింది. వీపున గుడ్డలో కట్టుకున్న ముకిసా నిద్రలో ఒకసారి మూలిగి, మళ్ళీ తల్లి వీపుకు బుగ్గ ఆనించాడు.

"పడిపోబోయారు సెంగా. ఆదివారం, పెరట్లోకి వెళ్తూ. మీరు కాఫీ తోటలో ఉన్నారు. మోచెయ్యి పట్టుకుని ఆపాను."

"ఏ చేత్తో?"

"ఈ చేత్తో."

సెంగ ఆ చేతివంక చూసింది. అది తన చెయ్యేనా అన్నట్టు నబ్బోసా కూడా చూసుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

ఏం చెబుతుంది? చెబితే ఈ మాటలు ఆ రోజే పడేవి.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి ఆమె మామగారితో ఒక చాప మీద కూర్చోలేదు. ఆయన చేతికి ఏదీ నేరుగా అందించలేదు. ఆయన గదిలోంచి బయటికి రావాలంటే ముందు దగ్గుతారు, ఆమె పక్కకు తప్పుకుంటుంది. మర్యాద అలా సాఫీగా సాగిపోయింది. కరోనా ఆయన్ని ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద పడుకోబెట్టి, మళ్ళీ ఇంటికి పంపాక వచ్చింది చిక్కు. దగ్గు ఆగదు. ఏ దగ్గు జబ్బుదో, ఏ దగ్గు దారిమ్మనేదో తెలియక ఆమె బిడ్డను వీపున వేసుకుని వంటింటికీ వరండాకీ మధ్య పరుగులు పెట్టింది. చివరికి తెర అవతలి నుంచి ఆయనే, "ఇది ఉత్త దగ్గే, నీ పని చూసుకో అమ్మా," అనాల్సి వచ్చింది.

ఆ దగ్గు వినపడినంతసేపూ ఆమెకు ధైర్యంగా ఉండేది. షుగరున్నవాళ్ళు ఆ వార్డులోంచి తమ కాళ్ళ మీద బయటికి రావడం తక్కువని అందరూ అన్నారు. ఈయన వచ్చారు. పొద్దున లేవగానే ఆ దగ్గు వినిపిస్తే ముందు దేవుడికి దండం పెట్టుకునేది, తర్వాతే పొయ్యి ముట్టించేది.

ఇప్పుడు దగ్గు లేదు. మంచం చప్పుడే.

"ఒబుకో," అంది సెంగ, గొంతు తగ్గించి. కోడలు మామను తాకితే పట్టుకునే వణుకు పేరు అది. గట్టిగా పలకడానికి కూడా పెద్దవాళ్ళు జంకుతారు. "మా పినతండ్రి అలాగే వణికి వణికి పోయాడు. చెంచా నోటిదాకా వెళ్ళేది కాదు. ఆక్సిజన్ గొట్టం లోంచి లాక్కొచ్చుకున్న తమ్ముణ్ణి, నువ్వు ఒక్క పట్టుతో..."

ఆవిడ ఎరీసాకు అక్క. నబ్బోసా మొగుడు కిసిటుకు మేనత్త, అంటే సెంగ. ఇల్లంతా ఆవిణ్ణి ఆ పిలుపుతోనే పిలుస్తుంది. తమ్ముడికి చాకిరీ చెయ్యడానికి మసాకా నుంచి వచ్చి లాక్‌డౌన్‌లో ఇక్కడే ఉండిపోయింది. కిసిటు లారీతో సహా ఉత్తరాన సరిహద్దు దగ్గర చిక్కుకుపోయాడు. ఇంట్లో మిగిలింది ఈ ఇద్దరాడవాళ్ళూ, తెరా.

"సెంగా, ఆయనకి చెమట పడుతోందా?"

"పడుతోంది. చొక్కా పిండేలా ఉంది."

"చల్లగా ఉందా చెమట?"

"నన్నడుగుతావేం? చల్లగానే ఉంది. కప్పలా ఉన్నాడు."

"పొద్దున ఏమైనా తిన్నారా?"

"నోటికి రుచి లేదంటాడు. ఏది పెట్టినా బూడిద నమిలినట్టుందట. చేదుకాయల కషాయం కాచి తాగించాను. అది షుగరుకి మంచిది."

"సూది?"

"ఇచ్చాను. నువ్వు నింపి ఇచ్చిందే కదా."

నబ్బోసా లెక్క గుర్తు చేసుకుంది. నింపింది తనే. తడి ఇసుకలో పెట్టిన కుండలోంచి ఇన్సులిన్ సీసా తీసి, వెలుతురుకు పట్టుకుని, నర్సు చూపించిన గీత దాకా లాగింది తనే. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు వార్డు బయట ఇద్దరికీ నేర్పారు. సెంగకు గీతలు ఆనవు, నబ్బోసాకు గది గడప దాటే వీల్లేదు. అందుకని ఒకరు నింపడం, ఒకరు గుచ్చడం.

"ఒకసారి వేలు గుచ్చి ఆ మిషను మీద చూడండి సెంగా. కాళ్ళు పట్టుకుంటాను."

"ఒబుకోని మిషను చూపిస్తుందా?"

అన్నది గానీ లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చి, అరచేతిలో చిన్న మిషను పెట్టుకుని తెర ఇవతలికి చాచింది. "చూడు. అంకె లేదు. అక్షరాలే. ఆసుపత్రిలో చేర్చిన రోజు కూడా ఇలాగే అక్షరాలొచ్చాయి. చక్కెర అంకెలకి అందనంత పైకి పోయిందన్నారు. చక్కెరా, ఆ వణుకూ ఒక్కసారే పట్టుకున్నాయి వీణ్ణి."

నబ్బోసా ఆ రెండక్షరాలవంక చూసింది. ఆసుపత్రిలో తనూ చూసింది అప్పటివి. ఇవి అవి కావనిపించింది. ఖాయంగా చెప్పగలదా అంటే చెప్పలేదు. సెకండరీ రెండో ఏడులో బడి ఆగిపోయిన మనిషి. మిషన్లతో వాదించేంత చదువు కాదు.

"నేను ఫోన్ చేసొస్తాను," అంటూ లేచింది.

"ఎవరికి? కిసిటుకా? చెప్పు, చెప్పు. మీ నాన్నని నేనిలా చేశానని చెప్పు."

ఆ ఊళ్ళో ఫోను కాఫీ తోట చివరి గట్టు మీద తప్ప పలకదు. బిడ్డ వీపు మీద ఎగిరెగిరిపడుతుంటే పరుగెత్తింది. ముకిసా లేచి ఏడుపు అందుకున్నాడు. ఆసుపత్రిలో సూది నేర్పిన నర్సు నజ్జుమా ఫోనెత్తేసరికి ఇద్దరి ఏడుపూ ఆవిడకు వినపడి ఉంటుంది.

"ఎవరు చెల్లీ? నెమ్మదిగా చెప్పు."

చెప్పింది. వణుకు, చల్లటి చెమట, తినకపోవడం, సూది. రెండక్షరాలూ ఒక్కొక్కటిగా చదివింది.

నజ్జుమా గొంతు మారింది. "చక్కెర పైకి పోలేదు. అడుక్కి పడిపోయింది. అది చాలా చెడ్డది, విను. ఊపిరి కోసం మేం ఇచ్చిన మాత్రలు ఉన్నాయే, అవి చక్కెరని ఎగదోస్తాయి. ఆ జ్వరం కూడా ఎగదోస్తుంది. అందుకే సూది అంత ఎక్కువ పెట్టాం. ఇప్పుడు జ్వరం దిగింది, మాత్రలు అయిపోయాయి. సూది మాత్రం పాత లెక్కనే పోతోంది. పైగా తిండి లేదు."

"మాత్రలు అయిపోయాక రమ్మన్నారు. బోడా మోటారుసైకిళ్ళు కూడా తిరగడం లేదు కదండీ, ఎలా వస్తాం?"

"తప్పెవరిదో తర్వాత చూద్దాం. ఇప్పుడు చక్కెర పట్టండి. మింగగలిగితే నీళ్ళలో కలిపి. మింగలేకపోతే నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేలితో చక్కెర తడిపి బుగ్గ లోపల రుద్దండి. వెళ్ళు చెల్లీ. పరుగెత్తు."

"వేలితోనా?"

"నీ వేలో ఇంకొకరి వేలో. వెళ్ళు."

తిరిగి వచ్చేటప్పుడు కాళ్ళు ఎలా పడ్డాయో ఆమెకు గుర్తులేదు. ఒక్కటే గుర్తుంది. ఇంట్లో చక్కెర లేదు. ఆసుపత్రి నుంచి రాగానే సెంగ చక్కెర డబ్బా, తేనె సీసా, ఆఖరికి పండబెట్టిన చిన్న అరటిపళ్ళు కూడా ఇరుగుపొరుగుకు పంచేసింది. తమ్ముడున్న చూరు కింద తీపన్నది ఉండకూడదని ఒట్టు పెట్టుకుంది.

చక్కెర లేదన్నది సెంగ మాట. నబ్బోసాకు వేరే సంగతి తెలుసు.

వంటింట్లోకి దూరి, పిండిబస్తా వెనక చెయ్యిపెట్టి ముడి వేసిన చిన్న సంచి తీసింది.

"ఏమిటది?" సెంగ వెనకే వచ్చింది.

"చక్కెర."

"నా కళ్ళు కప్పి?"

"ముకిసా అంబలిలోకి దాచాను సెంగా. వట్టి అంబలి వాడు ఉమ్మేస్తున్నాడు. తిట్టండి, తర్వాత తిట్టండి. నర్సమ్మ ఇది ఆయన నోట్లో వెయ్యమంది. షుగరు పడిపోయిందట. అందుకే వణుకు."

"చక్కెర జబ్బువాడికి చక్కెర." సెంగ ఆ మాటను కొత్తగా వింటున్నట్టు అంది. "బడి సగంలో మానేసిన నువ్వు ఫోన్లో ఎవర్నో అడిగొచ్చి, వాడి నోట్లో విషం వేస్తానంటే నేను పక్కకు తప్పుకోవాలా? ఆసుపత్రిలో ఏమన్నారు? చక్కెర వల్లే ఆ జబ్బు వీడి మీద అంత బలంగా ఎక్కిందన్నారు. చక్కెర వల్లే గాలి అందలేదన్నారు. నా చెవులతో విన్నాను."

"నేనూ విన్నాను. అది అప్పుడు."

"అప్పుడూ ఇప్పుడూ మనిషి ఒక్కడే కదే."

మంచం చప్పుడు ఆగిపోయింది.

ఇద్దరూ తెరవంక చూశారు. అది ఆగడం మంచికో చెడుకో నబ్బోసాకు ఆ క్షణంలో తెలియలేదు. తెలియకపోవడమే ఆమెను కదిలించింది. చక్కెర సంచి పళ్ళతో పట్టుకుని, వీపున ఉన్న బిడ్డను విప్పి సెంగ చేతుల్లో పెట్టింది. చేతులు నిండిన మనిషి అడ్డుకోలేదు. ఆవిడ చంకకింది నుంచి దూరి, వరండాలోకి వచ్చి, మామయ్య గది గడప దాటింది.

ఆ గదిని ఆమె లోపలినుంచి చూడడం అదే మొదలు. గది చిన్నది. తనే ఇస్త్రీ చేసిన చొక్కాలు మేకులకు వేలాడుతున్నాయి. మంచం మీద మామయ్య పక్కకు ఒరిగి ఉన్నారు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ వాటిలో ఎవరూ లేరు. దవడ బిగుసుకుపోయి ఉంది.

"మామయ్యా, నేను నబ్బోసాని. మన్నించండి."

పెదవులు కదిలాయి. "వద్దు... కోడలు... బయటికి..."

ఆ స్థితిలో కూడా మర్యాదే అడ్డం పెట్టుకున్నారు. ఆమెకు ఏడుపొచ్చింది. వేలు తడుపుకుని చక్కెరలో ముంచి, ఆయన బుగ్గ లోపలికి పోనిచ్చి, చిగుళ్ళ వెంట మెల్లగా రుద్దింది. ముకిసాకు పళ్ళొస్తున్నప్పుడు రుద్దినట్టే. మళ్ళీ ముంచింది. మళ్ళీ రుద్దింది. ఏ చెయ్యి అని ఈసారి ఎవరూ అడగలేదు.

సెంగ గడప మీద నిలబడి ముఖం గోడవైపు తిప్పుకుంది. చేతిలో ముకిసా ఏడుస్తున్నాడు. ఆవిడ వాణ్ణి ఊపడం మానలేదు.

దవడ కాస్త వదులైంది. నాలుక వేలిని వెతుక్కుంటూ వచ్చింది. గొంతు కదిలింది, మింగారు.

"సెంగా, మింగుతున్నారు. ఇప్పుడు నీళ్ళలో కలిపి పట్టాలి. తల లేపితే చాలు, నాకు రెండు చేతులూ చాలవు."

గోడవైపు ఉన్న ముఖం ఇటు తిరగలేదు.

"సెంగా."

అడుగుల చప్పుడైంది. ముకిసాను చాప మీద కూర్చోబెట్టి, సెంగ మంచం అవతలి పక్కకు వచ్చింది. తమ్ముడి తల కింద చెయ్యి పెట్టి, చిన్నప్పుడు ఎన్నిసార్లు లేపిందో అంత సులువుగా లేపింది. నబ్బోసా మంచం పక్కనున్న కప్పు నీళ్ళలో చక్కెర కలిపి పట్టింది. గుటక, ఇంకో గుటక. కొంత గడ్డం మీదుగా కారిపోయింది. సెంగ తన కొంగుతో తుడిచింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నారు. చాలాసేపు. ఒంటి వణుకు మణికట్టు దాకా తగ్గింది, తర్వాత వేలి కొసలకు పోయింది. చెమట ఆరింది. కళ్ళలోకి మనిషి తిరిగొచ్చాడు.

ఎరీసా పెదవులు చప్పరించారు.

"ఏమిటిది? తియ్యగా ఉంది."

సెంగ ముందుకు వంగింది. "ఏమన్నావురా?"

"తియ్యగా ఉందక్కా. నోట్లో." ఆయన మళ్ళీ చప్పరించారు, చిన్నపిల్లాడిలా. "ఆ జబ్బు తర్వాత నాకేదీ రుచి తెలియలేదు. ఇది తెలుస్తోంది."

ఆవిడ గట్టి మనిషి. ఆసుపత్రి గేటు బయట వానలో రాత్రంతా కూర్చుని కన్నీరు పెట్టని మనిషి. ఇప్పుడు తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, చప్పుడు లేకుండా భుజాలు కదులుతుంటే, "మంచిదిరా నాయనా, తియ్యగా ఉంటే మంచిదే," అని అదే మాట అంటూ ఉండిపోయింది.

అప్పుడు చూశారాయన. కప్పు పట్టుకున్న చేతిని, ఆ చేతి వెనక మనిషిని.

నబ్బోసా కప్పు కింద పెట్టి, మోకాళ్ళ మీదే వెనక్కి జరుగుతూ గడప దాటింది. తెర ఆమె ముఖం ముందు పడింది.

*

మధ్యాహ్నం వంటింటి ముందు ఇద్దరూ మటోకే అరటికాయలు ఒలుస్తున్నారు. పచ్చి అరటిజిగురు చేతులకు నల్లగా అంటుకుంది. మళ్ళీ ఫోన్ చేస్తే నర్సు చెప్పిన సంగతులన్నీ నబ్బోసా సెంగకు చెప్పింది. సాయంత్రం సూది వద్దు. మెత్తగా ఉడికించి కొద్దికొద్దిగా తినిపించాలి. తిండి కడుపులో పడ్డాకే సూది. రేపు పొద్దున అంకె బాగుంటే సగం మందు చాలు.

సెంగ వింటూ ఒలిచిన కాయనే మళ్ళీ ఒలుస్తోంది.

"అంటే గుచ్చింది నేను," అంది చివరికి.

"నింపింది నేను."

"గుచ్చింది నేను, పస్తు పెట్టింది నేను, పైన చేదుకషాయం పోసింది నేను. నా తమ్ముణ్ణి నా చేత్తో నేనే..."

"మీరు లేకపోతే ఆయన ఆసుపత్రి దాకా కూడా వెళ్ళేవారు కాదు సెంగా. సైకిలు మీద కూర్చోబెట్టి తోసుకెళ్ళారు. ఊరంతా చెబుతుంది."

"ఊరికేం పని." కానీ ఆ మాట ఆవిడకు కొంచెం ఊరటనిచ్చినట్టుంది. కత్తి కింద పెట్టింది. "ఇంకెప్పుడూ నా చేతికి సూది ఇవ్వకు. నేను పట్టుకోను."

"మరి ఎవరు...?"

"అదే నాకూ తెలియదు. ఇంకొక మాట. చక్కెర సంగతి చక్కెరదే. తాకడం సంగతి తాకడందే. ఆదివారం ఒకసారి, ఇవాళ నోట్లో వేలు పెట్టి మరీ ఒకసారి. పొద్దున్న వణుకు చక్కెరదే అయితే, ఒబుకో ఇంకా వాకిట్లోనే, ఎవర్ని పట్టుకోవాలో తెలియక నిలబడి ఉంటుంది."

నబ్బోసాకు నవ్వొచ్చింది. ఆపుకుంది. సెంగ చూసింది. "నవ్వు. నీకేం, నవ్వుతావు," అంది. కానీ గొంతులో పొద్దున్నటి పదును లేదు.

లోపల దగ్గు వినిపించింది. ఉత్త దగ్గు కాదు, దారిమ్మనే దగ్గు. నబ్బోసా అలవాటుగా లేచి పక్కకు జరగబోయింది. ఆయన బయటికి రాలేదు. తెర అవతలి నుంచి గొంతే వచ్చింది, సన్నగా.

"కోడలా."

ఆమె అక్కడే మోకరించింది. "ఉన్నాను మామయ్యా."

"వంట చేస్తున్నందుకు మేలమ్మా."

"మేలు మామయ్యా."

"నీళ్ళు మోస్తున్నందుకు మేలు. బిడ్డను పెంచుతున్నందుకు మేలు. జబ్బు మనిషిని కాచుకున్నందుకు మేలు."

ఒక్కొక్క దానికీ ఆమె బదులు చెబుతూ వచ్చింది. ఆ ఊళ్ళో దారినపోయేవాళ్ళు కూడా ఇలా మేలు చెప్పుకుంటారు, గడ్డి కోస్తున్నందుకు, గుడికెళ్ళి వచ్చినందుకు. రోజుకు పదిసార్లు పెదాల మీదుగా జారిపోయే మాటలే. ఇవాళ ఆయన ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటున్నారు.

"ఇంకొకటుంది," అన్నారు. "దానికి మాట నాకు దొరకడం లేదు."

"అక్కర్లేదు మామయ్యా."

ఆమె పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సెంగ గట్టిగా ముక్కు చీది, "అరటాకులు ఎక్కడ చచ్చాయి, ఈ ఇంట్లో ఏదీ ఒకచోట ఉండదు," అని లేచి వెళ్ళిపోయింది.

*

తెల్లారింది. నబ్బోసా పొయ్యి ముట్టించేసరికే సెంగ తన గదిలోంచి ఒక మడత పట్టుకుని వచ్చింది. ఇటుకరంగు చెట్టుబెరడు గుడ్డ. కొత్తది, ఇంకా మడత కూడా విప్పలేదు.

నబ్బోసా దాన్ని చూసి వెనక్కి తగ్గింది. చెట్టుబెరడు గుడ్డ ఇంట్లోకి ఊరికే రాదు. దాన్ని చుట్టేది పోయిన మనిషిని.

"ఎప్పుడు కొన్నారు?"

"ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసి, ఆక్సిజన్ పెంచినా అందడం లేదు, అందరూ సిద్ధంగా ఉండండి అన్నారే, ఆ రోజు. నా మంచం కింద పెట్టాను. వాడికి చెప్పలేదు, నీకూ చెప్పలేదు."

"మరి ఇప్పుడెందుకు తీశారు?"

"తాకిడికి విరుగుడు ఇదే. మామ కోడలికి చెట్టుబెరడు గుడ్డ ఇస్తే తాకింది తాకనట్టు. మా అమ్మ చెప్పేది. వాడితో రాత్రే మాట్లాడాను." సెంగ గొంతు సవరించుకుంది. "గుడ్డ ఎక్కడిదని అడిగాడు. చెప్పేశాను."

"ఏమన్నారు?"

"ముందు దగ్గాడు. తర్వాత, 'మంచి రకమేనా?' అన్నాడు. మంచిదే, బేరం కూడా ఆడలేదు అన్నాను. 'అయితే కోడలికి ఇవ్వు. నాకంటే దానికే ఎక్కువ అవసరం,' అని నవ్వాడు. నవ్వితే దగ్గు, దగ్గితే నవ్వు."

నబ్బోసా రెండు చేతులూ చాచి తీసుకుంది. అది చేతుల్లో బరువుగా, గరుకుగా ఉంది. పొగ వాసన, చెట్టు వాసన. ఒక మనిషి దీన్ని కప్పుకుని మట్టిలోకి వెళ్ళాల్సింది. ఆయన తెర అవతల కూర్చుని, తియ్యదనం తెలిసిన నాలుకతో, మెత్తగా చేసిన మటోకే తింటున్నారు. ఆమె ఆ గుడ్డను గుండెకు హత్తుకుని, ఎవరికో తెలియకుండానే మేలు, మేలు అనుకుంది.

సెంగ మిషను తెచ్చింది. ఈసారి అంకె ఉంది. మంచి అంకె. నర్సు చెప్పిన హద్దులోనే ఉంది.

"సగం," అంది నబ్బోసా. గీత దగ్గర రెండుసార్లు చూసుకుని సగమే లాగింది. సెంగకు అందించబోయింది. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"చెప్పానుగా."

"నేను గుచ్చుకుంటాను," అన్నారు ఎరీసా, లోపలి నుంచి. "నా పొట్ట, నా సూది. కోడలు చెప్పనీ, నేను వింటాను. తెర తియ్యక్కర్లేదు."

సెంగ సూదిని పళ్ళెంలో పెట్టి లోపలికి తీసుకెళ్ళింది. నబ్బోసా తెరకు ఇవతల మోకరించి, కళ్ళు మూసుకుని తన పొట్ట మీదే చెయ్యి పెట్టుకుని చెప్పసాగింది.

"ఎడం చేత్తో బొడ్డుకు పక్కన చర్మం పట్టుకోండి మామయ్యా. గట్టిగా వద్దు. ముకిసా బుగ్గ పట్టుకున్నట్టు."

"పట్టుకున్నాను."

"కుడిచేత్తో సూది. కలం పట్టుకున్నట్టు."

"పట్టుకున్నాను."

"నిటారుగా ఉంచి మెల్లగా లోపలికి పోనివ్వండి."

పళ్ళెం మీద ఏదో టకటకమని చప్పుడైంది.

"అయిందా మామయ్యా?"

"చెయ్యి నిలవడం లేదు కోడలా. వణుకుతోంది."

నబ్బోసా కళ్ళు తెరిచింది. తెర పక్కనుంచి సెంగ ముఖం కనిపించింది. ఇద్దరిలో ఎవరూ ఒబుకో పేరు ఎత్తలేదు. అంకె బాగుంది. కడుపులో తిండి ఉంది.

"చెమట పడుతోందా?"

"లేదు. తల తిరగడం లేదు. బుర్ర బాగానే ఉంది. చెయ్యి ఒక్కటే."

"ఇన్నాళ్ళు పడుకున్నారు, నీరసం అయ్యుంటుంది. భయం కూడా ఉంటుంది మామయ్యా."

"భయం లేదనను," అన్నారు ఎరీసా. "ఎవరైనా మణికట్టు పట్టుకుంటే గుచ్చుకోగలను."

సెంగ తన చేతులవంక చూసుకుంది. అవీ వణుకుతున్నాయి, నిన్నటి నుంచీ. ఆవిడ తెరను పక్కకు లాగింది. సగమే లాగింది. వంగి, నబ్బోసా ఒళ్ళో ఉన్న చెట్టుబెరడు గుడ్డ తీసి, మడత విప్పి, ఆమె కుడిచేతి మీద వేళ్ళు కూడా కనపడకుండా కప్పింది.

"ఇప్పుడు పట్టుకో," అంది.

నబ్బోసా గడప ఇవతలే మోకాళ్ళ మీద ఉండి చెయ్యి చాచింది. ముఖం పక్కకు తిప్పుకుంది. గుడ్డ కింద ఎముకలే మిగిలిన మణికట్టు దొరికింది. పట్టుకుంది. అవతల ఆయన ఊపిరి లోపలికి తీసుకున్నారు. సూది దిగింది.

"మేలమ్మా," అన్నారు.

ఆమె పట్టు వదల్లేదు. ఆ చెయ్యి నిలిచిందో, ఇంకా వణుకుతూనే ఉందో, గుడ్డ మందంలో ఆమెకు తెలియలేదు.